ఊకోబెట్టడం ఒక పని, నేర్పడం ఇంకో పని: పిల్లల కోపం, భయం, రందికి ఒక సమగ్ర మార్గదర్శి

హన్మకొండ గల్లీల్లోకి స్కూల్ వ్యాన్లు తిరిగొచ్చే వేళకు చాలా ఇళ్లలో ఒకటే లొల్లి. బ్యాగు ఒక మూలకు పడుతుంది, బూట్లు ఇంకో మూలకు. "ఫోన్ ఇయ్యి" అని పిల్లగాడు, "ముందు కాళ్లు చేతులు కడుక్కో" అని తల్లి. రెండు నిమిషాల్లో టిఫిన్ బాక్సు నేలకు తాకుతుంది, వీపు మీద ఒకటి పడుతుంది, నానమ్మ అడ్డమొచ్చి చాక్లెట్ చేతిలో పెట్టి ఊకోబెడుతుంది. ఏడుపు ఆగింది కాబట్టి సంగతి అయిపోయిందనుకుంటాం. మర్నాడు అదే వేళకు అదే లొల్లి.

ఏడుపు ఆపడం ఎట్లాగో మనందరికీ వచ్చు. తన లోపల ఏం జరుగుతోందో పిల్లకు తెలిసేట్టు చేయడం, దాన్ని సంభాళించుకునే దారి చూపడం వేరే పని. ఆ పని లొల్లి నడిచేటప్పుడు జరగదు. పిల్లలు కడుపు నిండా తిని, హాయిగా ఆడుకుంటున్నప్పుడే జరుగుతుంది. అందుకే ఇక్కడ రాసిన అడుగుల్లో ఎక్కువ భాగం ఏ గొడవా లేనప్పుడు చేయాల్సినవే. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్తాను, కాబట్టి ఉదాహరణలు కూడా మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలవే ఎక్కువ.

ముందు వయసు లెక్క

రెండేళ్ల పిల్ల నేల మీద పడి దొర్లితే అది మొండితనం కాదు. కావాల్సింది చాలా ఉంటుంది, చెప్పడానికి మాటలు చాలవు. ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య ఈ మారాం మామూలే. చాలాసార్లు కొద్ది నిమిషాల్లో అదే చల్లబడుతుంది. మూడు, నాలుగేళ్లకు సంతోషం, ఏడుపు, కోపం లాంటివి పేరు పెట్టి చెప్పగలుగుతారు. ఒకే సంగతి మీద సంతోషం, భయం రెండూ కలిసి ఉండొచ్చన్నది ఏడెనిమిదేళ్లు వస్తే గానీ సరిగా అర్థం కాదు.

మెదడులో ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని ఉలిక్కిపడేలా చేసే అమిగ్డలా అనే చిన్న భాగం పుట్టినప్పటి నుంచే పని చేస్తుంది. "ఆగు, ఆలోచించు" అని చెప్పే ముందు భాగం మాత్రం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆరేళ్ల పిల్లగాడిని "కోపం కంట్రోల్ చేసుకో" అంటే వాడికి ఇంకా తయారుకాని భాగాన్ని వాడమన్నట్టే. అది తయారయ్యే వరకు పక్కన ఉన్న పెద్దమనిషి నెమ్మదే పిల్లకు ఆసరా. మీరు అరుస్తూ పిల్లను శాంతంగా ఉండమంటే ఆ మాట చెవికెక్కదు.

మొదటి అడుగు: వారం రోజులు రాసి పెట్టండి

పాత నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. లొల్లి అయినప్పుడల్లా నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, పిల్ల ఎప్పుడు తిన్నది, ఎంత నిద్రపోయింది. వారం తిరిగేసరికి చాలావరకు సంగతి బయటపడుతుంది. బడి నుంచి వచ్చిన అరగంటలో, రాత్రి పడుకునే ముందు, చుట్టాలొచ్చినప్పుడు. ఎక్కువ లొల్లి ఈ వేళల్లోనే కనిపిస్తుంది.

సగం గొడవలకు మందు మాటల్లో ఉండదు, కంచంలోనూ పక్క మీదా ఉంటుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు. రాత్రి సీరియల్ అయ్యేదాకా మేలుకొని పొద్దున ఏడింటికి వ్యాన్ ఎక్కే పిల్లకు అంత నిద్ర ఎక్కడిది? ఒంటిపూట బడులప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చిన పిల్లను హోంవర్క్ అడగకండి. నీళ్లు, తిండి, కాస్త కునుకు అయ్యాకే ఏ మాటైనా. రక్తహీనత ఉన్న పిల్లల్లో కూడా చిరాకు, నీరసం ఎక్కువ. పిల్ల పాలిపోయినట్టు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి.

రెండో అడుగు: మాటలు ఇవ్వండి

ఎక్కువ ఓపిక పట్టాల్సిన అడుగు ఇదే. చాలామంది పిల్లల దగ్గర రెండే మాటలు ఉంటాయి: మంచిగుంది, మంచిగ లేదు. ఈ రెండిటి మధ్య ఎంత ఉందో మన ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుకునే తీరు చూస్తే తెలుస్తుంది. దూరంగా ఉన్న మనిషి మీద రంది. చీకట్లో బుగులు. ఒకే పని పదిసార్లు చెప్పించుకుంటే యాష్ట. తమ్ముడికి కొత్త అంగీ కొని తనకు కొనకపోతే ఉడుకుమోత్తనం. ఆటలో అందరి ముందు ఓడిపోతే ఉక్రోషం. పిలవకుండా వెళ్లిపోతే అలుక. నలుగురిలో తప్పు చదివితే సిగ్గు. తెల్లారితే పరీక్ష అంటే టెన్షన్. ఇవన్నీ పిల్లలకు కూడా కలిగేవే. మనం మాత్రం అన్నిటినీ "ఏడుపు" అనో "కోపం" అనో ఒకే గాటన కట్టేస్తాం.

పేరు పెడితే ఒరిగేదేమిటని అడిగేవాళ్లుంటారు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు అమిగ్డలా చురుకుదనం తగ్గినట్టు మెదడు స్కాన్లలో కనిపించింది. అది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగం. పిల్లల సంగతిలో తరగతి గదిలో కనిపించేది ఇంకా సాదా విషయం: "నాకు ఉక్రోషంగా ఉంది" అనడం వచ్చిన పిల్ల పలక విసరడం తగ్గిస్తుంది. చెప్పుకునే దారి దొరికింది మరి.

ఈ మాటలను పాఠంలా చెప్పకండి. "ఇప్పుడు నీకేమనిపిస్తోంది, చెప్పు" అని పదేపదే అడిగితే పిల్లలు విసుక్కుంటారు. ముందు మీ గురించి చెప్పండి: "పొద్దటి నుంచి కరెంటు లేదు, నాకు మస్తు యాష్టకొస్తోంది. కాసేపు బయట కూర్చుంటా." "అమ్మమ్మకు ఒంట్లో బాగలేదట, నాకు రందిగా ఉంది. ఫోన్ చేసి మాట్లాడితే కొంచెం నయమనిపిస్తది." ఈ రెండు మాటల్లో పేరు ఉంది, కారణం ఉంది, మీరు చేయబోయే పని కూడా ఉంది. పిల్ల వింటుంది, అంతే చాలు.

ఆ తర్వాత కథల్లోకి, చుట్టుపక్కల మనుషుల్లోకి తీసుకెళ్లండి. కథ మధ్యలో ఆపి "ఆ కుందేలుకు అప్పుడు ఎట్లా అనిపించి ఉంటది?" అనండి. బతుకమ్మ పేర్చేటప్పుడు ఎంత మంచి అవకాశమో. గునుగు, తంగేడు వరుసలు పేర్చుకుంటూ పైకి వచ్చాక చిన్నపిల్ల చేయి తగిలి ఒక పక్క జారిపోతుంది. అక్క మొహం ఎర్రబడుతుంది, చెల్లె మొహం చిన్నబోతుంది. "అక్కకు కష్టమంతా పోయిందని ఉక్రోషం. నీకు తప్పు చేసినట్టు అనిపిస్తోంది కదా. రండి, ఇద్దరూ ఈ పక్క మళ్లీ పేర్చండి." ఒక్క నిమిషం పని. ఇద్దరికీ వేర్వేరుగా అనిపించిందని ఇద్దరికీ తెలిసింది.

ఒక జాగ్రత్త ఉంది. మీరు పెట్టిన పేరు తప్పు కావచ్చు. "భయమైందా?" అంటే "కాదు" అన్నారనుకోండి, వాదించొద్దు. "మరి ఏంటిదో నువ్వే చెప్పు" అని వదిలేయండి. లోపల ఏముందో పిల్లకు తెలిసినంత మనకు తెలియదు.

మూడో అడుగు: ఒంట్లో ఎక్కడుందో వెతకడం

కోపం నోట్లోకి వచ్చేలోపే ఒంట్లోకి వస్తుంది. చెవులు వేడెక్కుతాయి, పిడికిలి బిగుస్తుంది, పండ్లు కొరుక్కుంటారు. భయానికి గుండె దడదడ, కడుపులో తిప్పినట్టు. ఏడుపుకు గొంతు పట్టేసినట్టు. వాకిట్లో సుద్దముక్కతో మనిషి బొమ్మ గీసి, "కోపమొస్తే నీకు ఎక్కడ తెలుస్తది? అక్కడ ఎర్ర సుద్ద పెట్టు" అనండి. పిల్లలకు ఇది ఆట. ఒకరు చేతుల మీద పెడతారు, ఒకరు నెత్తి మీద. ఏ జవాబూ తప్పు కాదు.

దాంతోపాటు సైజు కూడా నేర్పండి: చిన్న కోపం, నడిమి కోపం, పెద్ద కోపం. చేతులు దగ్గరగా పెడితే చిన్నది, బార్లా చాపితే పెద్దది. మాట రానంత కోపంలో కూడా చేతులతో చూపించగలుగుతారు. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే పని తేలిక.

సోమవారం పొద్దున్నే వచ్చే కడుపునొప్పిని కూడా ఈ లెక్కలోనే చూడండి. అది చాలాసార్లు నాటకం కాదు, నిజంగానే నొస్తుంది. ముందు డాక్టర్‌కు చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే, బడిలో ఎవరితో, ఏ సబ్జెక్టుతో, ఏ వేళకు ఇబ్బంది ఉందో నెమ్మదిగా అడగండి. వ్యాన్‌లో ఏడిపించే పెద్ద పిల్లగాడు ఉండొచ్చు.

నాలుగో అడుగు: ముందే సాధన

ఊపిరి నేర్పడానికి అన్నిటికంటే సులువైన దారి వేడి సర్వపిండి. ముక్క చేతిలో పెట్టి "ముక్కుతో వాసన పీల్చు, ఇప్పుడు నోటితో మెల్లగా ఊదు" అనండి. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చడం, ఐదు లెక్కపెట్టేంతసేపు వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, కాబట్టి పీల్చిన దానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఐదుసార్లు చాలు. సర్వపిండి లేని రోజు ఉత్త అరచేయి చాలు. రోజూ అన్నానికి కూర్చునే ముందు ఇంటిల్లిపాదీ చేస్తే అలవాటవుతుంది. కోపం వచ్చాక మొదటిసారి చెప్తే మాత్రం పిల్ల ఇంకా మండిపోతుంది.

ఊపిరి అందరికీ పడదు. కొందరికి ఒళ్లు కదలాలి: రెండు చేతులతో గోడను గట్టిగా నెట్టడం, చిన్న బకెట్‌తో చెట్లకు నీళ్లు మోయడం, చపాతీ పిండి పిసకడం. కొందరికి చన్నీళ్లతో మొహం కడిగితే నయమవుతుంది. కొందరు అమ్మ కొంగు పట్టుకుని కూర్చుంటే చాలు. రెండు మూడు చేయించి చూసి, ఏది పనిచేస్తుందో పిల్లనే ఎంచుకోనివ్వండి. "దిండును కొట్టు, కోపం పోతది" అనే సలహా మాత్రం వద్దు. కోపంతో దేన్నో కొడితే కోపం తగ్గదని, పెరిగే అవకాశమే ఉందని పరిశోధనలు చెప్తున్నాయి.

ఫోన్ సంగతి ఇక్కడే చెప్పాలి. ఏడ్చిన ప్రతిసారీ ఫోన్ ఇచ్చి ఊకోబెట్టడం అందరిళ్లలో జరిగేదే, వంట మధ్యలో ఉన్న తల్లిని తప్పు పట్టలేం. కానీ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలపై అమెరికాలో చేసిన, 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఊకోబెట్టడానికి తరచూ ఫోన్ ఇచ్చిన పిల్లల్లో కొన్ని నెలల తర్వాత చిన్నదానికే రెచ్చిపోవడం ఎక్కువ కనిపించింది. ముఖ్యంగా మగపిల్లల్లో. ఫోన్ చూడడానికి ఒక వేళ పెట్టండి, ఏడుపుకు బదులుగా మాత్రం ఇవ్వకండి.

ఐదో అడుగు: లొల్లి నడిచేటప్పుడు

ఇక్కడ చేయాల్సింది తక్కువ, మాట్లాడాల్సింది ఇంకా తక్కువ. మొదట మీరు ఒకసారి ఊపిరి వదలండి. పిల్ల కళ్లకు సమానంగా కింద కూర్చోండి. దెబ్బ తగిలే వస్తువులు పక్కకు జరపండి. తర్వాత ఇట్లా:

"ఫోన్ ఇయ్యవా? నువ్వు మంచిదానివి కాదు!"

"ఫోన్ కావాలె నీకు. నేను ఇస్తలేను. మస్తు కోపమొచ్చింది."

వాడు తలుపును తంతాడు.

"తలుపు తన్నొద్దు కొడుకా. కాలుకు తాకుతది. నేను ఈడనే కూసున్న."

తర్వాత మౌనం. ఇదే కష్టం. నోట్లోకి పది మాటలు వస్తాయి: పక్కింటి పిల్లగాడు ఎంత బుద్ధిమంతుడో, నాన్న రానియ్యి చెప్తా, ఇంత పెద్దోడివి సిగ్గు లేదా. అన్నీ మింగేయండి. రెండు మూడు నిమిషాలకు ఏడుపు స్వరం మారుతుంది, అరుపు పోయి ఎక్కిళ్లు మొదలవుతాయి. అప్పుడు దగ్గరకు తీసుకోవచ్చు, పిల్లకు ఇష్టమైతేనే. నీళ్లు తాగించండి. ఆ నీళ్ల మధ్యలోనే చాలాసార్లు అసలు సంగతి బయటికొస్తుంది: "ఇయ్యాల ఆ పిల్లగాడు నన్ను లైన్ల నుంచి ఎన్కకు నూకిండు." గొడవ ఫోన్ గురించి కానే కాదు.

ఎం.జి. రోడ్డు మీదో, జాతరలోనో జనం మధ్య ఇదే జరిగితే చూసేవాళ్ల కోసం పిల్లను కొట్టాలనిపిస్తుంది. ముందు జనంలోంచి పక్కకు, నీడకు తీసుకెళ్లండి. మిగతాదంతా పైన చెప్పినట్టే. మేడారం లాంటి జాతరకు వెళ్లే ముందే "మస్తు మంది ఉంటరు, చప్పుడుంటది, బుగులైతే నా చెయ్యి రెండుసార్లు పిసుకు" అని పిల్లతో ఒక సైగ అనుకోండి.

భయపెట్టి ఊకోబెట్టడం మన దగ్గర పాత అలవాటు. బూచోడొస్తడు, పోలీసుకు పట్టిస్త, డాక్టర్‌తో సూది ఇప్పిస్త. ఏడుపు టక్కున ఆగుతుంది, నిజమే. కానీ రేపు తప్పిపోతే పోలీసు దగ్గరికి వెళ్లాల్సింది ఆ పిల్లనే, జ్వరమొస్తే సూదికి చేయి చాపాల్సిందీ ఆ పిల్లనే.

ఆరో అడుగు: హద్దు గీయడం

ఇట్లా చెప్తే కొందరు పెద్దలు "అయితే నెత్తికెక్కించుకోమంటారా?" అంటారు. అక్కర్లేదు. కోపం రావడానికి అనుమతి అడగాల్సిన పని లేదు, కొట్టడానికి మాత్రం అనుమతి లేదు. మాట పొట్టిగా, ప్రతిసారీ ఒకేలా ఉండాలి: "కోపం రానియ్యి. తమ్ముణ్ని కొట్టనియ్య." చేయి లేస్తే మెల్లగా పట్టుకుని ఆపండి. ఇవ్వనన్నది ఏడ్చినంత మాత్రాన ఇవ్వకండి. ఒకరోజు ఇచ్చి ఒకరోజు ఇవ్వకపోతే, ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పిల్ల లెక్క కడుతుంది.

హద్దు గీయడానికి దెబ్బ అవసరం లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇంట్లోకి ఆ సెక్షన్ రాదు, కానీ దెబ్బ నేర్పేది రెండు చోట్లా ఒకటే: పెద్దవాళ్లకు కోపమొస్తే కొట్టొచ్చని.

నానమ్మ, తాతయ్యలతో ఈ సంగతి పిల్ల ముందు తేల్చుకోకండి. "అత్తమ్మా, వాడు ఏడిస్తే మీరు దగ్గర కూర్చోబెట్టుకోండి, మీ దగ్గర తొందరగా ఊకుంటడు. చాక్లెట్ మాత్రం అప్పుడు వద్దు, అన్నం తిన్నాక మీ చేతితోనే ఇయ్యిండ్రి" అంటే చాలామంది సరే అంటారు. పని ఒకటి వాళ్లకు అప్పజెప్పారు కదా.

ఏడో అడుగు: చల్లబడ్డాక

పడుకునే ముందు ఐదు నిమిషాలు. ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, వచ్చేసారి ఏం చేద్దాం. విసిరిన బాక్సును పిల్లతోనే తీయించి తుడిపించండి, అవమానించకుండా. "సారీ చెప్పు" అని బలవంతం చేస్తే మాట వస్తుంది, అంతే. తమ్ముడికి ఏం చేస్తే నయమవుతుందో అడిగితే పిల్లలే బొమ్మ తెచ్చిస్తారు. మీరు అరిచి ఉంటే మీరూ చెప్పండి: "పొద్దున గట్టిగా అరిచిన. నాకు టెన్షన్‌గా ఉండె. అది నీ తప్పు కాదు." ఆ మాటతో తల్లి మర్యాద తగ్గిపోదు.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చేవి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో పిల్ల మొహం తిప్పేసుకుంటుంది, "బాపుతో మాట్లాడు" అని ఇంటివాళ్లు తోస్తారు. ఆ మొహం తిప్పుకోవడంలో రంది ఉంటుంది, అలుక ఉంటుంది. బలవంతం చేయకుండా ఫోన్‌ను పిల్ల ఆడుకునే చోట పెట్టి, నాన్నను ఊరికే చూస్తూ ఉండమనండి. ప్రశ్నలు వద్దు. "రేపొస్తడు" అని అబద్ధం చెప్పకండి. క్యాలెండర్‌లో నెలలు కొట్టేస్తూ పోతే ఎంత దూరముందో కంటికి కనిపిస్తుంది. సెలవు అయిపోయి నాన్న వెళ్లేటప్పుడు పిల్ల నిద్రలో ఉండగా జారుకోవడం చాలామంది చేస్తారు. లేచేసరికి మనిషి లేకపోతే ఆ తర్వాత నిద్రపోవాలంటేనే పిల్లకు భయం పట్టుకుంటుంది. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లడమే మేలు.

గురుకులంలో ఐదో తరగతికి చేరిన పిల్లలకు మొదటి వారాల్లో ఇంటి మీద రంది సహజం. "అక్కడ అన్నీ ఉన్నయి కదా, ఎందుకేడుస్తవ్" అనకుండా, "ఇల్లు యాదికొస్తుందా? నాకు కూడా నువ్వు యాదికొస్తున్నవు" అనండి. ఇంటి నుంచి ఒక పాత దుప్పటి పంపండి. మళ్లీ ఏ ఆదివారం వస్తారో చెప్పి, చెప్పిన రోజు తప్పకుండా వెళ్లండి.

మగపిల్లలు ఏడిస్తే "ఆడపిల్ల లెక్క ఏడుస్తవేందిరా" అనే మాట ఊరంతా అంటుంది. ఏడుపు మూసేస్తే అది కోపంగానే బయటికొస్తుంది, ఎందుకంటే మగపిల్లగాడికి మనం ఒప్పుకునేది అదొక్కటే.

ఎప్పుడు సాయం అడగాలి

ఐదేళ్లు దాటాక కూడా రోజూ ఎక్కువసేపు ఆగని మారాం, తనను తాను కొట్టుకోవడం, ఎదుటివాళ్లకు గాయాలయ్యేలా కొట్టడం, రెండు వారాలకు పైగా ఆటల మీద, తిండి మీద ఇష్టం పోవడం, వచ్చిన మాటలు, అలవాట్లు వెనక్కి పోవడం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషిని లేదా ఒక చోటును చూస్తే వణికిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. చివరిదాంట్లో పిల్లను ఎవరైనా బాధపెడుతున్నారేమో తప్పకుండా ఆలోచించండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. "చచ్చిపోతా" అన్న మాట ఏ వయసు పిల్ల నోట వచ్చినా, బెదిరింపు అనుకోకుండా అదే రోజు సాయం తీసుకోండి.

ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పని చేస్తోంది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మాటలు ఆలస్యం, ఎదుగుదలలో తేడా లాంటి అనుమానాలుంటే అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి చూపించండి. అవసరమైతే వాళ్లే జిల్లా స్థాయి వైద్య కేంద్రానికి పంపిస్తారు. వెళ్లేటప్పుడు మొదటి అడుగులో రాసిన నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు అని డాక్టర్ ముందుగా అడిగేవి అవే.